కారును పోలీసు ఆపినప్పుడు, లోపల తుపాకీ ఉన్నప్పుడు

(టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగు కుటుంబాలు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి అక్షరబద్ధం చేశాము.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా ఇంతమంది కదలకుండా కూర్చున్నారంటే, ఈ విషయం మీ ఇళ్లలో ఇదివరకే చర్చకు వచ్చి ఉంటుందని నాకు అర్థమవుతోంది. నేను ఈ రాష్ట్రంలో క్రిమినల్ కేసులు వాదిస్తాను. పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో. ఒకప్పుడు మనవాళ్లు నాకు ఫోన్ చేస్తే అతివేగం టికెట్టు గురించో, అద్దె ఇంటి గొడవ గురించో అడిగేవారు. ఇప్పుడు అడిగే ప్రశ్న వేరు. "సార్, కారులో గన్ ఉంది, పోలీసు ఆపి ఉందా అని అడిగితే ఏం చెప్పాలి?" అని అడుగుతున్నారు. తుపాకీ కొనుక్కోవడం మంచిదా, చెడ్డదా అన్నది ఈ రోజు నేను మాట్లాడబోవడం లేదు. అది మీ ఇంటి నిర్ణయం. కొనుక్కున్నాక రోడ్డు పక్కన ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం జరుగుతుంది, ఏం జరగకుండా చూసుకోవాలి అన్నది మాత్రమే ఈ రోజు నా విషయం.

ముందుగా ఒక్కసారి మన ఊళ్లను గుర్తు చేసుకోండి. మనం పెరిగిన చోట తుపాకీ ఎవరి దగ్గర చూశాం? బ్యాంకు ముందు స్టూలు మీద కూర్చున్న గార్డు దగ్గర చూశాం, నాయకుడి వెనుక నడిచే గన్‌మెన్ దగ్గర చూశాం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్న కొద్దిమంది కూడా ఎన్నికలు వస్తే తీసుకెళ్లి పోలీసు స్టేషనులో అప్పగించి రావలసినదే. కాబట్టి "నా దగ్గర తుపాకీ ఉంది" అనే మాటను ఒక పోలీసుతో అనవలసిన అవసరం మన తాతకు రాలేదు, తండ్రికి రాలేదు. ఆ మాట ఎలా అనాలో మనకు ఎవరూ నేర్పలేదు. ఇక్కడ పుట్టిన పిల్లవాడికి వాళ్ల నాన్న నేర్పుతాడు. మనకు నేర్పేవారు లేరు. అందుకే ఈ సమావేశం.

ఇంకొక అలవాటు కూడా ఉంది, అది మరింత ప్రమాదకరమైనది. మన దగ్గర పోలీసు ఈల వేసి బండి ఆపితే మనం ఏం చేస్తాం? బండి పక్కకు పెడతాం, దిగుతాం, డిక్కీ తెరిచి కాగితాలు తీస్తాం, చెట్టు కింద నిలబడి ఉన్న ఎస్సై గారి దగ్గరకు మనమే నడిచి వెళ్లి "సార్, సార్" అంటూ వివరం చెప్పుకుంటాం. ఆయన మన దగ్గరకు రావాలనుకోవడం అమర్యాద అని మన భావన. అదే మనిషి ఇక్కడ హైవే 635 మీద అర్ధరాత్రి కారు ఆపి, తలుపు తెరిచి, పోలీసు కారు వైపు గబగబా నడిచి వస్తే ఆ ఆఫీసరుకు ఎలా కనిపిస్తాడు? అక్కడ దిగడం మర్యాద. ఇక్కడ దిగకుండా కూర్చోవడమే మర్యాద. ఈ ఒక్క తేడాను మీ ఇంట్లో అందరికీ, ముఖ్యంగా కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు, బావమరుదులకు చెప్పండి.

చేతుల గురించి రెండు మాటలు. ఆఫీసరు మీ కారు వైపు నడుస్తున్నప్పుడు ఆయన కళ్లు వెతికేది మీ చేతుల కోసం. మీ ముఖం కోసం కాదు, మీ కాగితాల కోసం కాదు. కాబట్టి సిగ్నల్ వేసి, నిదానంగా కుడి పక్కకు తీసి, కారు ఆపి, ఇంజను కట్టేసి, రాత్రి అయితే లోపలి దీపం వేసి, కిటికీ దించి, రెండు చేతులు స్టీరింగు మీద కనిపించేలా పెట్టండి. ఆ తరువాత ఏమీ చేయకండి. ఏమీ అంటే ఏమీ చేయకండి. ఆయన వచ్చేలోగా పర్సు తీసి సిద్ధంగా ఉంచుదాం, గ్లవ్ బాక్సులోంచి ఇన్సూరెన్సు కాగితం తీసి పెడదాం, ఆయనకు సమయం కలిసి వస్తుంది అనుకుంటారు మనవాళ్లు. మంచి ఉద్దేశమే. కానీ వెనుక నుంచి చూస్తున్న మనిషికి కనిపించేది ఒక భుజం వంగడం, ఒక చెయ్యి సీటు కిందకో, డ్యాష్‌బోర్డు లోపలికో వెళ్లడం. ఆయన మనసులో ఏం మెదులుతుందో మీరే ఊహించుకోండి. ఇది నా సొంత సలహా అనుకోకండి. టెక్సాస్ చట్టసభ 2017లో ఒక చట్టం చేసి, ట్రాఫిక్ స్టాప్ సమయంలో పోలీసుతో ఎలా మెలగాలో హైస్కూలు పిల్లలకూ, డ్రైవింగు నేర్చుకునేవారికీ బోధించి తీరాలని నిర్దేశించింది. మన పిల్లలు బడిలో నేర్చుకుంటున్నారు. హైదరాబాదులోనో విజయవాడలోనో డ్రైవింగు నేర్చుకుని వచ్చిన మనమే నేర్చుకోలేదు.

ఇక ఈ రోజు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తున్నాను. దయచేసి కాసేపు ఫోన్లు పక్కన పెట్టండి.

"తుపాకీ ఉందా అని పోలీసు అడిగితే ఏం చెప్పాలి?" అని మీరు నన్ను అడుగుతారు. దానికి ముందు నేను మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అసలు ఆ తుపాకీని మీ దగ్గర ఉంచుకునే హక్కు మీకు ఉందా? "ఇది టెక్సాస్ కదండీ, 2021 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు కదా" అంటారు. నిజమే, 2021 సెప్టెంబరు 1 నుంచి ఈ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా నిషేధం లేని వ్యక్తి లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. కానీ ఆ "నిషేధం లేని" అన్న రెండు మాటల్లోనే మన సగం హాలు ఆగిపోతుంది. దేశం మొత్తానికి వర్తించే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. తాత్కాలిక వీసా మీద ఈ దేశంలో ఉన్న వ్యక్తి తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండడం ఆ చట్టం ప్రకారం నేరం. హెచ్‌1బి తాత్కాలిక వీసాయే. వారి కుటుంబానికి ఇచ్చే హెచ్4 కూడా, కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్1 కూడా, చదువుకునే ఎఫ్1 కూడా, అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసా కూడా. "నాకు ఐ140 అప్రూవ్ అయింది కదా" అని ఒకాయన నాతో వాదించారు. ఐ140 అంటే గ్రీన్ కార్డు దారిలో వేసే ఒక పిటిషను మాత్రమే, గ్రీన్ కార్డు కాదు. చేతిలో గ్రీన్ కార్డు పడే వరకు, ఈ చట్టం దృష్టిలో మీరు తాత్కాలికంగా ఉన్నవారే. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం మీకు వర్తించదు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనవాళ్లు ఎక్కువగా ఆధారపడేది హంటింగ్ లైసెన్సు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు దగ్గర ఉంటే తాత్కాలిక వీసాలో ఉన్నవారు కూడా తుపాకీ కలిగి ఉండవచ్చు. అందుకే వేట అంటే ఏమిటో తెలియని మనవాళ్లు కూడా దుకాణానికి వెళ్లి ఆ లైసెన్సు కొంటున్నారు, తరువాత తుపాకీ కొంటున్నారు. అది చట్టం అనుమతించినదే. కానీ నేను అడిగేది ఇది. టెక్సాస్ వేట లైసెన్సు సాధారణంగా ఏటా ఆగస్టు 31తో ముగిసిపోతుందని మీలో ఎంతమందికి తెలుసు? మే నెలలో కొన్నాను కాబట్టి వచ్చే మే వరకు ఉంటుందనుకుంటారు. ఉండదు. ఆగస్టు 31 రాత్రి మీ బీరువాలో ఉన్న తుపాకీ చట్టబద్ధం. సెప్టెంబరు 1 ఉదయం అదే బీరువాలో, అదే తుపాకీ, మీరు ముట్టుకోకపోయినా, ఫెడరల్ నేరం. 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్షను 15 ఏళ్లకు పెంచారు. శిక్ష ఎంత పడినా, తుపాకీ నేరంలో దోషిగా తేలితే దేశం నుంచి పంపించివేయడానికి అదే ఒక కారణం అవుతుంది. పదిహేనేళ్లు గ్రీన్ కార్డు కోసం ఎదురు చూసిన మనిషి ఒక లైసెన్సు గడువు మరచిపోయినందుకు అన్నీ పోగొట్టుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆ తేదీని క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

"మేము ఉంచుకోమండీ, స్నేహితుడిది తీసుకుని షూటింగ్ రేంజిలో ఒక గంట కాల్చి ఇచ్చేస్తాం" అని విద్యార్థులు అంటారు. చేతిలో పట్టుకోవడం కూడా కలిగి ఉండడమే. ఫ్లోరిడాలో చదువుకోవడానికి యూఏఈ నుంచి వచ్చిన ఒక కుర్రవాడిని విశ్వవిద్యాలయం తొలగించింది, దాంతో అతని విద్యార్థి హోదా పోయింది. ఆ తరువాత అతను షూటింగ్ రేంజికి వెళ్లి కాల్చాడు. కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. 2019లో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. రెహైఫ్ కేసు అంటారు. తన వలస హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలి అని కోర్టు చెప్పింది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. మీ పాస్‌పోర్టులో హెచ్‌1బి స్టాంపు ఉంది. మీ హోదా మీకు తెలియదని ఎవరు నమ్ముతారు?

వెనుక వరసలో చెయ్యి ఎత్తిన బాబూ, నీ ప్రశ్న అర్థమైంది. అన్నయ్య సిటిజన్, తుపాకీ అన్నయ్యది, కానీ ఈ రోజు కారు నీ చేతిలో ఉంది. అంతేనా? ఆ తుపాకీ గ్లవ్ బాక్సులో ఉందని నీకు తెలిసి, అది నీ చేతికి అందేలా ఉండి, కారు నీ అధీనంలో ఉంటే, అది నీదే అని ప్రాసిక్యూటరు వాదించగలడు. "నాది కాదు" అన్న మాట చట్టంలో అనుకున్నంత బలమైన మాట కాదు. అన్నయ్యను అడిగి అది తీయించాకే తాళం తీసుకో.

ఇప్పుడు తుపాకీ చట్టబద్ధంగా మీదే అనుకుందాం. సిటిజన్, లేదా గ్రీన్ కార్డు, వేరే నిషేధాలు ఏవీ లేవు. కారును ఆపారు. ఆయన అడగకుండానే మీరు చెప్పాలా?

టెక్సాస్‌లో జవాబు ఇలా ఉంది. మీకు రాష్ట్రం ఇచ్చిన క్యారీ లైసెన్సు, అంటే ఎల్‌టీసీ, ఉండి, పిస్టల్ మీ వద్ద గాని మీకు అందుబాటులో గాని ఉంటే, ఆఫీసరు గుర్తింపు కార్డు అడిగినప్పుడు డ్రైవింగు లైసెన్సుతో పాటు ఎల్‌టీసీ కూడా చూపాలని చట్టం చెబుతుంది. చూపకపోతే దానికంటూ ప్రత్యేకమైన శిక్ష ఇప్పుడు లేదు, కానీ చూపాలన్న నియమం ఉంది. పైగా మీ డ్రైవింగు లైసెన్సు నంబరు కంప్యూటరులో కొట్టగానే మీకు ఎల్‌టీసీ ఉందని ఆయనకు కనిపిస్తుంది. దాచినట్టు ఆయనకు అనిపించడం వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. ఎల్‌టీసీ లేకుండా, 2021 చట్టం కింద వెంట పెట్టుకున్నవారికి అయితే తమంతట తాము చెప్పాలన్న బాధ్యతను టెక్సాస్ చట్టం పెట్టలేదు. చట్టం పెట్టలేదు కాబట్టి చెప్పకూడదా? ఇక్కడ న్యాయవాదులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అడగనిది చెప్పవద్దనేవారు ఉన్నారు. నా అభిప్రాయం నేను చెబుతాను. తుపాకీ నడుముకు ఉండి, పర్సు కూడా అదే వైపు జేబులో ఉంటే, ముందే చెప్పండి. చెయ్యి అటు వెళ్లాక ఆయన అంతట ఆయన చూడడం కన్నా, చెయ్యి కదలకముందే మీ నోటి నుంచి వినడం వెయ్యి రెట్లు మేలు. తుపాకీ వెనుక డిక్కీలో తాళం వేసిన పెట్టెలో ఉంటే, అడిగే వరకు ఆ ప్రస్తావన అవసరం లేదు.

ఎలా చెప్పాలి? "ఆఫీసర్, ఐ హావ్ ఎ గన్" అని మొదలుపెట్టకండి. ఈ దేశంలో దోపిడీ చేసేవాడు అనే మాట అది. వాక్యంలో ముందు లైసెన్సు రావాలి, తుపాకీ ఎక్కడ ఉందో తరువాత రావాలి, చివర ఆయన ఆదేశం అడగాలి. "ఆఫీసర్, ఐ హావ్ ఎ లైసెన్స్ టు క్యారీ. మై ఫైర్ఆర్మ్ ఈజ్ ఆన్ మై రైట్ హిప్. మై హ్యాండ్స్ విల్ స్టే ఆన్ ది వీల్. హౌ వుడ్ యు లైక్ మీ టు ప్రొసీడ్?" ఇంతే. లైసెన్సు లేనివారైతే ఆ మొదటి వాక్యం బదులు "ఐ యామ్ లీగల్లీ క్యారీయింగ్" అనాలి. ఇది ఇంటికి వెళ్లి అద్దం ముందు పదిసార్లు చెప్పుకోండి. మన యాసలో, భయంలో, వేగంగా మాట్లాడితే ఆయనకు వినిపించేది "గన్" అన్న ఒక్క మాట మాత్రమే. నిదానంగా చెప్పాలి, పూర్తిగా చెప్పాలి, చెబుతున్నంతసేపు చేతులు కదలకూడదు. నోరు పని చేస్తున్నప్పుడు చెయ్యి పని చేయకూడదు. చెయ్యి పని చేస్తున్నప్పుడు అది చేసే పని ఆయన చెప్పిందే అయి ఉండాలి.

ఈ మాట నేను ఎందుకు ఇంత పట్టుదలగా చెబుతున్నానో మీకు తెలియాలి. 2016 జూలై 6 రాత్రి మినెసోటాలోని ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ అనే 32 ఏళ్ల మనిషి కారును ఒక పోలీసు ఆపాడు. కాస్టీల్ సెయింట్ పాల్‌లో ఒక బడిలో పిల్లలకు భోజనం పెట్టే చోట పని చేసేవాడు. కారులో అతని పక్కన స్నేహితురాలు, వెనుక సీట్లో ఆమె నాలుగేళ్ల కూతురు ఉన్నారు. తుపాకీ వెంట ఉంచుకోవడానికి అతనికి పర్మిట్ ఉంది. ఆఫీసరు లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగాడు. కాస్టీల్ ఇన్సూరెన్సు కార్డు ఇచ్చాడు. ఆ తరువాత ప్రశాంతంగా, "సర్" అని సంబోధిస్తూ, తన దగ్గర తుపాకీ ఉందని చెప్పాడు. మినెసోటా చట్టం ప్రకారం అడిగితేనే చెప్పాలి. అతను అడగకముందే చెప్పాడు. దాన్ని అందుకోవద్దు అన్నాడు ఆఫీసరు. బయటకు తీయవద్దు అన్నాడు. తీయడం లేదు అన్నాడు కాస్టీల్. కొన్ని క్షణాల్లోనే ఆఫీసరు ఏడు తూటాలు పేల్చాడు, కాస్టీల్ చనిపోయాడు. నాలుగేళ్ల పాప చూస్తుండగానే. 2017 జూన్‌లో జ్యూరీ ఆ ఆఫీసరును నిర్దోషి అని విడుదల చేసింది.

కాస్టీల్ తప్పు చేశాడని నేను చెప్పడం లేదు. చెప్పను కూడా. నిజాయతీగా మాట్లాడిన మనిషి అతను, నల్లజాతి మనిషి కావడం వల్ల ఆ రాత్రి అతని మాటకు దక్కవలసిన విలువ దక్కలేదని నమ్మేవారిలో నేనూ ఒకణ్ణి. కానీ ఒక న్యాయవాదిగా పోలీసు కారు కెమెరాలో రికార్డయిన ఆ వీడియోను నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నాకు కనిపించేది ఒకటే. లైసెన్సు తీయమన్న ఆదేశం ఒకటి, తుపాకీ ఉందన్న సమాచారం ఒకటి, రెండూ ఒకే సమయంలో గాలిలో ఉన్నాయి. చెయ్యి వెళ్లేది పర్సు కోసమా, తుపాకీ కోసమా? అతనికి తెలుసు. ఎదుటి మనిషికి తెలియదు, తెలుసుకునే ఓపిక కూడా లేకపోయింది. కాబట్టి మన చేతిలో ఉన్న జాగ్రత్త ఏమిటి? లైసెన్సు అడిగినా సరే, తుపాకీ సంగతి చెప్పాక, ఆ ఆదేశం రద్దయిందనుకోండి. చేతులు స్టీరింగు మీదే ఉంచి, మళ్లీ కొత్తగా ఆయన ఏం చేయమంటారో విని, "పర్సు ఎడమ జేబులో ఉంది, తీయమంటారా?" అని అడిగి, "తియ్యి" అన్నాకే కదలండి. ఆయన విసుక్కున్నా సరే, అడగండి.

అందుకే ఇంకొక పని కూడా చేయండి. ఇన్సూరెన్సు కాగితం, తుపాకీ ఒకే గ్లవ్ బాక్సులో ఎప్పుడూ ఉంచకండి. టెక్సాస్‌లో ఇన్సూరెన్సును ఫోనులో కూడా చూపవచ్చు. కాగితమైతే సన్ వైజరుకు పెట్టుకోండి. బయటకు కనిపించేలా కారులో పిస్టల్ ఉంటే అది హోల్‌స్టరులో, అంటే తుపాకీ ఒరలో, ఉండాలన్నది చట్టం. సీటు మీద వదులుగా పడేయకూడదు.

దిగమంటే దిగాలి. "నేను టికెట్టు ఇచ్చే నేరమే కదా చేసింది, ఎందుకు దిగాలి?" అని వాదించకండి. 1977లోనే సుప్రీం కోర్టు ఇది తేల్చేసింది. ఫిలడెల్ఫియాలో గడువు దాటిన నంబరు ప్లేటు కోసం మిమ్స్ అనే ఆయన కారును ఆపి, దిగమన్నారు. దిగాక కోటు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తే తడిమి చూశారు, రివాల్వరు దొరికింది. చట్టబద్ధంగా ఆపిన కారులోంచి డ్రైవరును దిగమనే అధికారం ఆఫీసరుకు ఉందని కోర్టు చెప్పింది. 1997లో ఆ అధికారాన్ని పక్కన కూర్చున్నవారికీ వర్తింపజేసింది. దిగేటప్పుడు తుపాకీ నడుముకు ఉంటే ఆ సంగతి మళ్లీ ఒకసారి చెప్పి, దాన్ని ముట్టుకోకుండా దిగండి. మీరే తీసి ఇవ్వబోకండి. సాయం చేయాలన్న మంచి మనసుతో కూడా తీయకండి. కావాలంటే ఆయనే తీసుకుంటాడు.

ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చున్నారు కాబట్టి వారి సంగతి చెప్పి తీరాలి. అమ్మా, మీ అబ్బాయిని పోలీసు ఆపి మాట్లాడుతుంటే మీ ప్రాణం కొట్టుకుంటుంది. దిగి వెళ్లి "బాబూ, మావాడు మంచివాడు" అని చెప్పాలనిపిస్తుంది. మన ఊళ్లో ఆ మాట పని చేస్తుంది. ఇక్కడ దిగకండి. తలుపు తెరవకండి. చేతులు ఒళ్లో కనిపించేలా పెట్టుకుని కూర్చోండి. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన ఇంటి బయట నడుస్తుంటే పోలీసులు ఆపారు. ఆయన దగ్గర తుపాకీ లేదు, ఏమీ లేదు. ఇంగ్లీషు రాదన్నాడు. నేలకు విసిరి కొట్టారు, శరీరం పాక్షికంగా చచ్చుబడింది. మాట అర్థం కాని చోట ప్రతి కదలికకూ ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకుంటారు. కాబట్టి పిల్లలూ, అమ్మానాన్నలు దిగిన మొదటి వారంలోనే ఈ సంగతి వాళ్లకు చెప్పండి. పక్క సీట్లో ఉన్న భార్యాభర్తలకూ ఒక మాట. ఆఫీసరు ముందు మీలో మీరు తెలుగులో గబగబా మాట్లాడుకోకండి. "అది తీయకు, ఇది చెప్పకు" అని మీరు అంటున్నారని ఆయనకు తెలియదు. మీరు ఏదో పథకం వేస్తున్నట్టు ఆయనకు అనిపించవచ్చు. ఏదైనా అనాలంటే, "మా అమ్మకు ఇంగ్లీషు రాదు, కదలకుండా కూర్చోమని చెబుతాను, చెప్పవచ్చా?" అని అడిగి చెప్పండి.

ఇక ప్రశ్నలకు జవాబుల సంగతి. ట్రాఫిక్ స్టాప్‌లో ఆయుధాలు ఉన్నాయా అని అడగడం ఆఫీసరు హక్కు. అడిగినంత మాత్రాన స్టాప్ చట్టవిరుద్ధం అయిపోదు. సినిమాల్లో చూపే "మీకు మౌనంగా ఉండే హక్కు ఉంది" అన్న హెచ్చరిక కోసం ఎదురు చూడకండి. మామూలు ట్రాఫిక్ స్టాప్ అరెస్టు కిందకు రాదని 1984లోనే కోర్టు చెప్పింది కాబట్టి ఆ హెచ్చరిక లేకుండానే మిమ్మల్ని ప్రశ్నించవచ్చు, మీ జవాబులు మీ మీదకే రావచ్చు. అప్పుడు మీ ముందు ఉన్న దారులు మూడు. నిజం చెప్పడం, చెప్పనని చెప్పడం, అబద్ధం చెప్పడం. మూడవది దారి కాదు. "లేదు" అన్నాక సీటు కింద కనిపిస్తే ఆ తరువాత మీరు చెప్పే ఏ నిజాన్నీ ఎవరూ నమ్మరు, అబద్ధం చెప్పడమే వేరొక నేరం కావచ్చు. తుపాకీ చట్టబద్ధంగా మీదే అయితే నిజం చెప్పండి, క్లుప్తంగా చెప్పండి. ఎందుకు కొన్నారు, ఎవరి మీద భయం, పక్కింటివాడితో గొడవ ఏమిటి, ఆ కథ అంతా అక్కడ అక్కర్లేదు.

జవాబు చెప్పకూడదని నిర్ణయించుకుంటే, ఊరికే బిగుసుకుని కూర్చుంటే చాలదు. ఇది మన రాష్ట్రం నుంచి, హ్యూస్టన్ నుంచి వెళ్లిన కేసే. ఒక హత్య విచారణలో పోలీసులు సలీనాస్ అనే అతన్ని స్టేషనుకు పిలిచారు. అతను తనంతట తానే వచ్చి, అన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాడు. అక్కడ దొరికిన తూటా తొడుగులు నీ తుపాకీతో సరిపోతాయా అని అడిగినప్పుడు మాత్రం తల దించుకుని మౌనంగా ఉండిపోయాడు. ఆ మౌనాన్నే అతనికి వ్యతిరేకంగా జ్యూరీ ముందు పెట్టారు. 2013లో సుప్రీం కోర్టు అది చెల్లుతుంది అంది, ఎందుకంటే తన హక్కును వాడుకుంటున్నానని అతను నోటితో చెప్పలేదు. మౌనంగా ఉండడానికి కూడా నోరు తెరవాలి. "ఆఫీసర్, ఐ వాంట్ టు రిమైన్ సైలెంట్, ఐ వాంట్ ఎ లాయర్" అని మర్యాదగా అనాలి. వీసా విషయంలో సందేహం ఉన్నవారికి, గడువు మరచిపోయినవారికి నేను చెప్పేది ఇదే. అబద్ధం చెప్పకండి, అక్కడికక్కడే వివరణలు ఇవ్వకండి, ఈ వాక్యం చెప్పి ఆగండి. లైసెన్సు, ఇన్సూరెన్సు మాత్రం చూపక తప్పదు. అది వేరు, ఇది వేరు.

సోదా సంగతి కూడా ఇంతే. "కారు ఒకసారి చూడవచ్చా?" అని నవ్వుతూ అడుగుతారు. మనం పెద్దమనుషులం కదా, "తప్పకుండా సార్, చూడండి" అంటాం. మీకు కాదనే హక్కు ఉందని ఆయన మీకు చెప్పనక్కర్లేదు, 1973 నుంచి అదే చట్టం. "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అనవచ్చు. అంటే కోపం కాదు, తప్పు ఒప్పుకోవడమూ కాదు. అయినా వెతికితే అడ్డు పడకండి, చెయ్యి పెట్టకండి. అది తప్పో ఒప్పో తరువాత నేను కోర్టులో మాట్లాడతాను, రోడ్డు మీద మీరు మాట్లాడకండి.

రాష్ట్రం దాటితే ఇవన్నీ మారిపోతాయి. అన్ని రాష్ట్రాలూ చెప్పను, మనవాళ్లు ఎక్కువగా వెళ్లేవి చెబుతాను. డెట్రాయిట్ వైపు, ట్రాయ్, నోవై, కాంటన్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. మిషిగన్‌లో లైసెన్సుతో పిస్టల్ దాచి తీసుకెళ్తున్నవారు ఆపిన వెంటనే, అడగకముందే చెప్పాలి. చెప్పకపోతే మొదటిసారికే 500 డాలర్ల జరిమానా, ఆరు నెలలు లైసెన్సు నిలుపుదల. నార్త్ కరోలినాలో, అంటే షార్లెట్, క్యారీ వైపు, పర్మిట్ ఉన్నవారు తామే చెప్పాలి. ఇక్కడి నుంచి న్యూ ఓర్లీన్స్ వెళ్లే దారిలో లూయిజియానాలో కూడా పర్మిట్ ఉన్నవారు తామే చెప్పాలి. ఒహాయోలో 2022 జూన్ వరకు తామే చెప్పాలన్న నియమం ఉండేది, ఇప్పుడు అడిగితే చెప్పాలి. ఇల్లినాయిలోనూ అడిగితే చెప్పాలి. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా మాత్రం టెక్సాస్ లైసెన్సును అసలు గుర్తించవు. ఎడిసన్‌లో చుట్టాల పెళ్లికి ఇక్కడి నుంచి కారులో వెళ్తూ నడుముకు పిస్టల్ పెట్టుకుని న్యూజెర్సీ సరిహద్దు దాటిన మనిషికి "మా రాష్ట్రంలో ఒప్పుకుంటారు" అన్న మాట ఏమాత్రం అక్కరకు రాదు. తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో, చేతికి అందని చోట పెట్టి దాటిపోవడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది, కానీ అది దాటిపోయేవారికి, అక్కడే దిగి వారం రోజులు ఉండేవారికి కాదు. పెళ్లికి తుపాకీ ఇంట్లో పెట్టి వెళ్లండి.

చివరి ప్రశ్న ఒకటి చీటీ మీద రాసి పంపారు. "తుపాకీ ఆయన తీసుకుంటే మళ్లీ ఇస్తాడా?" అని. తన రక్షణకో, మీ రక్షణకో, పక్కవారి రక్షణకో అవసరమని సహేతుకంగా నమ్మితే ఆఫీసరు తుపాకీని తాత్కాలికంగా తీసుకోవచ్చు. మీరు ప్రమాదకరం కాదని తేలి, అరెస్టుకు దారితీసే తప్పు ఏదీ లేకపోతే, ఎల్‌టీసీ ఉన్నవారిని అక్కడి నుంచి పంపేలోగా తిరిగి ఇవ్వాలని టెక్సాస్ చట్టం చెబుతుంది. ఇచ్చేటప్పుడు తూటాలు వేరుగా, పిస్టల్ వేరుగా ఇవ్వవచ్చు, డిక్కీలో పెట్టవచ్చు, వెనుక సీటు మీద పెట్టవచ్చు. ఎక్కడ పెడితే అక్కడే ఉండనివ్వండి. ఆయన ఇంకా తన కారు దగ్గరకు నడుస్తుండగానే మీరు దాన్ని చేతిలోకి తీసుకుని తూటాలు ఎక్కించడం మొదలుపెడితే, అంతవరకు జాగ్రత్తగా గడిచినదంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఆయన కారు కనుమరుగు అయ్యాక కూడా ఆ రోడ్డు పక్కన దాన్ని ముట్టుకోవద్దు. ఇంటికి వెళ్లండి, గరాజు తలుపు వేసుకోండి, అప్పుడు తీసి ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టుకోండి.